పద్దెనిమిది మీటర్ల నలభై నాలుగు

కురాహాషి వేసిన బంతిని కొట్టనివాడు మా బేస్‌బాల్ జట్టులో ఒక్కడూ లేడు. కొట్టించుకోవడమే ఆయన ఉద్యోగం. రోజుకు నూట ముప్ఫై బంతుల చొప్పున పదిహేనేళ్లుగా ఇదే పని. మధ్యాహ్నం మైదానం ఖాళీగా ఉన్నప్పుడు, నిలువెత్తు వల చాటున నిలబడి మా బ్యాటర్లకు సాధన కోసం బంతులు వేస్తాడు. వాళ్లు కొడతారు. సాయంత్రం ఆరింటికి దీపాలు వెలిగి జనం వచ్చి కూర్చునేసరికి ఆయన స్నానం ముగించుకుని, లోపలి గదిలో భుజానికి మంచుగడ్డల సంచీ కట్టించుకుని, బార్లీ టీ తాగుతూ ఉంటాడు. అసలు ఆట చూడడు. గోడ అవతల అరుపులను బట్టి ఎవరు కొట్టారో చెబుతాడు. చాలాసార్లు సరిగ్గానే చెబుతాడు.

గొప్ప పిచర్, అంటే ఆటలో బంతి వేసేవాడు, ఎలా తయారవుతాడన్న దాని మీద పుస్తకాలు చాలా చదివాను. కొకురా స్టేషన్ వెనక పాత పుస్తకాల కొట్టులో, అట్టలు ఊడి, వానకు తడిసి ఉబ్బినవి చవకగా దొరుకుతాయి. ఒకాయన బలమంతా తుంటిలో ఉందంటాడు. ఇంకొకాయన మణికట్టు అంటాడు. మూడో ఆయన గుండె అంటాడు. ఈ ముగ్గురిలో ఒక్కడైనా ఆగస్టు ఎండలో నూట ముప్ఫై బంతులు వేసినవాడు అయి ఉండడు. గెలిచినవాళ్ల గురించే రాశారు. ఏ పుస్తకంలోనూ కురాహాషి లాంటివాడు కనబడలేదు.

నేనూ పిచర్‌నే. అంటే, అయ్యేవాడిని. పద్దెనిమిదో ఏట మా జట్టు నన్ను పత్రికల వాళ్ల ముందు నిలబెట్టి టోపీ పెట్టింది. ఇరవై రెండో ఏట మోచేతికి కత్తి పెట్టారు. ఇరవై మూడో ఏట ఆఫీసులోకి పిలిచి, "హతానో, సాధన బంతులు వేస్తావా?" అని అడిగారు. "వేయకపోతే?" అన్నాను. అడిగినాయన కిటికీలోంచి ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాల వంక చూశాడు. మా నాన్న పనిచేసి దగ్గు తెచ్చుకున్నది అక్కడే. వేస్తానని చెప్పాను.

మొదటి రోజే నన్ను మినొబె ముందు నిలబెట్టారు. మినొబె మా జట్టులో నాలుగో బ్యాటర్, అంటే జట్టు మొత్తానికి అన్నం పెట్టేవాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు, ఎడమచేతి వాటం, మాట తక్కువ. నేను మొదటి బంతి వేశాను. అతను బ్యాటు కదపలేదు. రెండోది వేశాను. దాన్నీ వదిలేశాడు. మూడోదీ అంతే. మా పనిలో దీనికి మించిన శిక్ష లేదు. తిడితే తిట్టాడనుకుంటాం, అరిస్తే పడతాం. బ్యాటు భుజం మీదే ఉంచి, బంతి వెళ్లిపోయిన దారిని ఒక్క క్షణం చూసి, మళ్లీ కాళ్లు సర్దుకుంటాడు. అంతే. అయిదోది చేతిలోంచి ఎప్పుడు జారిందో తెలియదు, అతని మోకాలి పక్కనుంచి పోయింది. పక్కన ఇంకో బ్యాటర్ కొడుతున్న వల పంజరం దగ్గర నుంచి బ్యాటింగ్ కోచ్ ఇకెగామి అరిచాడు.

"ఏరా హతానో, బంతులు వేస్తున్నావా, పావురాలకి గింజలు చల్లుతున్నావా? వాడి కాలు విరిగితే నీ కాలు తీసి అతికిస్తామా?"

ఆరోది వేయడానికి చెయ్యి లేవలేదు. నిజంగానే లేవలేదు, ఎవరిదో చెయ్యి నా భుజానికి తగిలించినట్టుంది. అప్పుడు వెనక నుంచి ఎవరో నా చేతిలో బంతి తీసుకున్నారు.

"పో, నీళ్లు తాగిరా" అన్నాడు కురాహాషి.

ఆయన వేసిన మొదటి బంతినే మినొబె కొట్టాడు. రెండోదీ కొట్టాడు. నేను నీళ్లు తాగడం మరిచిపోయి చూశాను. ఆయన బంతిలో చెప్పుకోవడానికి ఏమీ లేదు. వేగం లేదు, వంపు లేదు. ప్రతి బంతీ ముందు బంతి వెళ్లిన కన్నంలోంచే వెళ్లేది. నలభై నాలుగేళ్ల మనిషి, పొట్ట కొంచెం ముందుకు వచ్చి, టోపీ కింద జుట్టు పల్చబడి, గోడకు సున్నం వేసేవాడిలా తొందర లేకుండా పని చేసుకుంటున్నాడు.

ఆ రోజు భోజనాల వేళ మెట్ల మీద కూర్చున్నాం. ఆయన భార్య ఫుసాఎ కట్టిచ్చిన అన్నం ముద్దలు రెండు తీసి ఒకటి నాకిచ్చాడు. మధ్యలో ఊరబెట్టిన పుల్లటి పండు.

"మినొబె నన్ను పంపించేస్తాడా అన్నా?"

"వాడికి నీ పేరు కూడా తెలీదు. ఎందుకు పంపిస్తాడు?"

"మరి కొట్టలేదేం?"

"కొట్టడానికి బాగాలేవు గనక. దాంట్లో కోపం ఏముంది? మంగలి కత్తి మొద్దుబారితే మొహం పక్కకి తిప్పుకోవా?" ముద్ద నమిలి మింగి మళ్లీ అన్నాడు. "నువ్వు వాడి చేతుల వంక చూస్తున్నావు. వాడి ఛాతీ చూడు. కాళ్లు సర్దుకున్నాక ఒక ఊపిరి వదుల్తాడు. అది అయ్యాక చెయ్యెత్తు. అంతకు ముందు ఎత్తితే వాణ్ణి గాభరా పెట్టినట్టు. తర్వాత ఎత్తితే వాడే నిద్రపోతాడు."

"పుస్తకాల్లో ఇది లేదు."

"పుస్తకాలు చదువుతావా? పాపం." జాలిపడ్డాడు. "చూడు, కొట్టేవాడికి ఇష్టమైన చోటు ఒకటుంటుంది. అదెక్కడో తెలిసి, అక్కడ వెయ్యకుండా ఉండేవాడు పిచర్. తెలిసి అక్కడే వేసేవాణ్ణి నేను. ఏమీ తెలీనివాడివి నువ్వు. ముద్ద తిను, ఆరిపోతుంది."

కురాహాషి పుట్టింది తగావా గనుల ఊళ్లో. తండ్రి బొగ్గు తవ్వేవాడు. ఆయనకు పన్నెండేళ్లు వచ్చిన ఏడు గని మూతపడింది. గనిలోంచి తీసిన రాతిపొట్టు కొండంత గుట్టగా పడి ఉండేదట. పిల్లలంతా దాని మీద ఖాళీ డబ్బాలు నిలబెట్టి రాళ్లతో కొట్టేవాళ్లు. డబ్బా ఎగిరిపడితే గెలిచినట్టు. కురాహాషి మాత్రం డబ్బా పడకుండా, దాని అంచుకు రాయి టంగుమని తగిలేలా వేసేవాడట.

"ఎందుకలా?" అని అడిగాను.

"పడితే మళ్లీ గుట్టెక్కి నిలబెట్టాలి కదరా. ఒళ్లు బద్ధకం."

ఆ బద్ధకమే ఆయన్ను హైస్కూలు జట్టులోకి, అక్కడి నుంచి సిమెంటు కంపెనీ జట్టులోకి, చివరికి ఇరవయ్యో ఏట మా జట్టులోకి తెచ్చింది. పైస్థాయి ఆటలో తొమ్మిదేళ్లున్నాడు. మూడు గెలుపులు, పదకొండు ఓటములు. ఆ మూడింటిలో ఒకటి వాన పడి అయిదో ఇన్నింగ్స్‌లో ఆగిపోయిన ఆట. "వర్షం, నేను కలిసి గెలిచాం" అంటాడు. ఇరవై తొమ్మిదో ఏట ఆయన్నూ ఆఫీసులోకి పిలిచారు, అదే కిటికీ దగ్గరికి. నన్నడిగిందే అడిగారు.

ఆయనకు ఒకే ఒక పట్టింపు ఉండేది. అసలు ఆటలో పిచర్ దిబ్బ మీది రబ్బరు పలక నుంచి, బ్యాటర్ పక్కన నేలలో పాతిన ప్లేటు వెనక మొన దాకా పద్దెనిమిది మీటర్ల నలభై నాలుగు సెంటీమీటర్లు. సాధన వేళ పక్కపక్కనే రెండు పంజరాలు పెట్టి ఇద్దరితో కొట్టిస్తారు గనక దిబ్బ పనికిరాదు. మేం చదును నేల మీద ఒక రబ్బరు పలక పరుచుకుని దాని మీది నుంచి వేస్తాం. ఎవరి పలక వాళ్లే పరుచుకోవాలి, వల వాళ్లే లాక్కోవాలి. పలకను పదహారు మీటర్ల దగ్గర వేసుకోవడం మామూలు. భుజం ఆదా అవుతుంది, బంతి గురి తప్పదు, ఎవరూ ఏమీ అనరు. బ్యాటర్లు కూడా చిన్నప్పటి నుంచి దానికే అలవాటుపడి ఉంటారు.

కురాహాషి మాత్రం తన జేబులోంచి టేపు తీసేవాడు. వడ్రంగులు వాడే ఇనుప టేపు. ప్లేటు మొనలో ఒక మేకు గుచ్చి, టేపు కొస దానికి తగిలించి, వెనక్కి నడుచుకుంటూ వెళ్లి, వంగి, పద్దెనిమిది నలభై నాలుగు దగ్గర పలక వేసేవాడు. వేసవిలో, చలిలో, ముందు రోజు వాన పడి నేల బురదగా ఉన్నా సరే. మిగతా సాధన పిచర్లు ఆటపట్టించేవాళ్లు.

"కురా అన్న ఇల్లు కడుతున్నాడ్రా! పునాదికి ముగ్గేస్తున్నాడు!"

"కడితే మీకు వాకిట్లో చోటిస్తాలే" అనేవాడు. కొలత మాత్రం మానేవాడు కాదు.

మినొబె ఆయన దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా సాధన చేయకపోవడానికి కారణం అదే. అతని బ్యాటు విసురు మొత్తం ఆ నిజమైన దూరం మీద కట్టుకున్నది. పత్రికల వాళ్లు అతని విజయ రహస్యం ఏమిటని ఏడాదికోసారి అడుగుతారు. అతను ఏదో గొణుగుతాడు. వాళ్లు దాన్ని పెద్ద అక్షరాల్లో వేస్తారు. కురాహాషి పేరు అతను చెప్పాడేమో నాకు తెలియదు, అచ్చులో మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఆ ఏడాది జూన్ వానలు ఎడతెగకుండా కురిశాయి. కురాహాషి కుడిచెయ్యి తల దాకా లేపడానికి ఎడమచెయ్యి సాయం తీసుకోవడం ఒకరోజు స్నానాల గదిలో చూశాను. తల రుద్దుకోవడానికి చేతిని పైకి ఎత్తకుండా తలనే చేతి దగ్గరికి వంచుతున్నాడు. నేను చూశానని ఆయన చూశాడు.

"సబ్బు కళ్లల్లో పడింది" అన్నాడు.

మా పనిలో భుజం ఎలా ఉందని అడగడం మర్యాద కాదు. ఏటా అక్టోబరులో మమ్మల్ని ఒక్కొక్కరినీ ఆ కిటికీ గదిలోకి పిలుస్తారు. వచ్చే ఏడు ఉంటావో లేదో నాలుగు నిమిషాల్లో చెప్పి పంపిస్తారు. భుజం బాగాలేదన్న మాట ఎవరి నోట వచ్చినా ఆ గదికి చేరుతుంది. అందుకని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. అందరికీ తెలిసే ఉంటుంది.

వానలు వెళ్లి ఎండలు ముదిరాక మినొబె కొట్టడం మానేశాడు. మానేశాడంటే, సాధనలో అద్భుతంగా కొడుతున్నాడు, ఆటలో బంతి నిటారుగా గాల్లోకి లేచి ఎవరో ఒకరి చేతుల్లో పడుతోంది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు. జూలై అంతా అంతే. ఇకెగామి మొదట అతని మోచెయ్యి సరిచేశాడు. తర్వాత మోకాలు. తర్వాత బ్యాటు బరువు మార్పించాడు. తర్వాత కళ్ల డాక్టరు దగ్గరికి పంపాడు. పత్రికల వాళ్లు అతని సంసారంలో గొడవలున్నాయని రాశారు. అతని భార్య ఆ పత్రికలో సార్డీన్ చేపలు చుట్టి కుక్కకు పెట్టిందని విన్నాను, ఆ ఇంట్లో తెలివైనది ఆవిడే.

నాకు అర్థమైంది ఆగస్టు రెండో వారంలో. నా పలక కురాహాషి పలక పక్కనే, కాస్త ముందు ఉండాలి. ఆ రోజు బంతులు ఏరుకుంటూ వెనక్కి తిరిగి చూస్తే రెండు పలకలూ దాదాపు ఒకే వరసలోకి వచ్చినట్టు అనిపించింది. కళ్లు తప్పు చెబుతున్నాయేమోననుకున్నాను. కానీ నా కాళ్లు తప్పు చెప్పవు. మా హైస్కూల్లో టేపు లేక బూటు వెనక బూటు పెట్టి దిబ్బ దూరం కొలిచేవాళ్లం. నా బూటుకు అరవై ఎనిమిది, పైన మూడు వేళ్లు. అందరూ భోజనానికి వెళ్లాక ప్లేటు మొన దగ్గర నిలబడి కొలుచుకుంటూ నడిచాను. అరవై మూడు దగ్గర పలక తగిలింది.

మరునాడు పన్నెండింటికే వచ్చి స్టాండ్స్‌లో నీడన కూర్చున్నాను. కురాహాషి వచ్చాడు. మేకు గుచ్చాడు. టేపు లాగాడు. ఎప్పటిలాగే వెనక్కి నడిచి, వంగి, ఆ పద్దెనిమిది నలభై నాలుగు గీత దగ్గర పలక వేశాడు. నిలబడి దాన్ని కాసేపు చూశాడు. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు బూటు మడమతో పలకను ముందుకు తన్నాడు. ఒకసారి, ఇంకోసారి. ముందు రోజు ఎక్కడుందో అక్కడికి తెచ్చి, ఇంకో అరబూటు ముందుకు జరిపాడు.

నేను దిగి వెళ్లాను. ఆయన ఉలిక్కిపడలేదు.

"ఎప్పటి నుంచి అన్నా?"

"వానల నుంచి. వారానికి అరబూటు."

"మినొబెకి తెలుసా?"

"తెలిస్తే కొట్టేవాడా? వదిలేసేవాడు." వలను లాగుతూ అన్నాడు. "దూరం నుంచి వేస్తే బంతి చచ్చిపోతోందిరా. ముందుకు జరిగితే పాత సమయానికే చేరుతోంది. ఒకటీ రెండూ మూడూ... పాత లెక్కే. వాడికి తేడా లేదు."

"ఉంది. నీ బంతి మెల్లగా వచ్చి చివర్లో కిందికి కుంగుతోంది. అతను దాని కోసం బ్యాటు కిందికి దించడం నేర్చుకున్నాడు. ఆటలో బంతి కుంగడం లేదు. అతను దాని కింద కొడుతున్నాడు. అందుకే గాల్లోకి పోతోంది."

కురాహాషి వల వదిలేశాడు. ప్లేటు వైపు తిరిగాడు. ఆయన ఈ సంగతి ఆలోచించి ఉండడని నేననుకోను. ఇంకొకరి నోట వినకుండా రెండు నెలలు గడిపాడు, అంతే.

"ఎవరికన్నా చెప్పావా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదు?"

జవాబు నాకు తెలుసు. ఆయన వెళ్లిపోతే మినొబె ముందు నిలబడాల్సింది నేను. ఆ భుజం మీది బ్యాటు, ఆ మౌనం నాకు కలలోకి వస్తున్నాయి. ఆ మాట పైకి చెప్పలేదు.

"నువ్వే చెబుతావని" అన్నాను.

"చెప్పి ఏం చెయ్యను? ఫుసాఎ తమ్ముడికి టోఫు కొట్టుంది. పొద్దున్నే లేచి సోయా గింజలు రుబ్బనా?" నవ్వబోయాడు. "అక్టోబరు దాకా లాగుదామనుకున్నాను. ఈ ఏడు అయిపోతే, చలికాలం విశ్రాంతితో వచ్చే ఏటికి భుజం మళ్లీ... ఏమో."

ఆయనకు నలభై నాలుగేళ్లని గుర్తుచేయడానికి నా నోరు రాలేదు.

ఆ శనివారం సాధనకు ముందు ఇకెగామి మా అందరి ముందే మినొబెతో చెప్పాడు. గొంతు తగ్గించే అలవాటు ఆయనకు లేదు.

"ఇవాళ, రేపు చూస్తా. ఇలాగే ఆకాశానికి కొడితే సోమవారం నుంచి నువ్వు రెండో జట్టుకే. అక్కడ పిల్లలతో పరిగెత్తు. పై నుంచి వచ్చిన మాట, నా మాట కాదు."

"సరే" అన్నాడు మినొబె.

కురాహాషి బూటు తాడు కట్టుకుంటున్నాడు. కట్టడం అయిపోయాక కూడా అలాగే వంగి ఉన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లకి రెండో జట్టుకు వెళ్లిన బ్యాటర్ తిరిగి రావడం మేం ఎక్కువసార్లు చూడలేదు.

తర్వాత లేచి తన పలక దగ్గరికి వెళ్లాడు. దాన్ని రెండు చేతులతో పెకలించి వెనక్కి నడిచాడు. టేపు తీయలేదు. దూరం అలవాటైన మనిషి, సరిగ్గా ఆ చోటికే వెళ్లి వేశాడు. తర్వాత వలను వెనక్కి లాగాడు. పక్క పంజరం వాళ్లు చూశారు. ఎవరూ ఇల్లు కడుతున్నాడని అనలేదు.

మినొబె పంజరంలోకి వచ్చి కాళ్లు సర్దుకున్నాడు. ఊపిరి వదిలాడు. కురాహాషి వేశాడు. బంతి ప్లేటుకు మూరెడు ముందే నేలకు తగిలి దొర్లింది. రెండోది అతని చీలమండల ఎత్తున వచ్చింది. మూడోది ఎక్కడికో పోయింది. మినొబె బ్యాటు భుజం మీదే ఉంది. పదిహేనేళ్లలో కురాహాషి వరసగా మూడు బంతులు కొట్టించుకోకపోవడం ఎవరూ చూడలేదు.

నాలుగోది వేయలేదు. వల పక్కనుంచి బయటికి వచ్చి, టోపీ తీసి, నడుము దాకా వంగాడు.

"మినొబె, నిన్ను మోసం చేశాను. వానల నుంచి పలక ముందుకు జరుపుతున్నాను. భుజం పోయింది. నీ దెబ్బ పాడైంది నా వల్లే."

ఎండలో ఆ వంగిన మెడ మీద చెమట కనబడుతోంది. మినొబె బ్యాటు దించి నడుచుకుంటూ వచ్చాడు. అంత దగ్గరగా వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. ఎప్పుడూ వాళ్ల మధ్య పద్దెనిమిది మీటర్లు ఉండేవి.

"లే అన్నా" అన్నాడు. "నాకు తెలుసు."

కురాహాషి తల ఎత్తాడు. "ఎప్పటి నుంచి?"

"మొదటి వారం నుంచి. అరబూటు నా కంటికి తెలియదా?"

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెబుతావని చూశా."

"నువ్వు అడుగుతావని నేను చూశాను."

"నేనెలా అడుగుతాను అన్నా? అడిగితే నీకు అక్టోబరులో..." ఆపేశాడు. "సర్దుకోగలననుకున్నా. పదిహేనేళ్లు వేసిన మనిషి కోసం అరబూటు సర్దుకోలేనా అనుకున్నా. వారం వారం ఇంకో అరబూటు వస్తుందని లెక్క వెయ్యలేదు."

నాకు ఆ క్షణంలో ఇద్దరినీ కొట్టాలనిపించింది. రెండు నెలలు ఇద్దరు పెద్దమనుషులు రోజూ ఒకరికొకరు టోపీలు తీసి వంగుకుంటూ, ఒకరి కోసం ఒకరు నోరు మూసుకుని, ఒకరినొకరు నిలువునా ముంచుకున్నారు. పక్కన మూడోవాణ్ణి నేను, అరవై మూడు బూట్లు కొలిచి మరీ నోరు మూసుకున్నాను. మా వాళ్లు దీన్ని మర్యాద అంటారు. బళ్లో మొదటి రోజు నుంచి నేర్పేది ఇదే.

"ఇక్కడి నుంచి ఎన్ని వెయ్యగలవు అన్నా?" అని అడిగాడు మినొబె.

"చూశావుగా."

"నొప్పి సంగతి మరిచిపోయి."

కురాహాషి ఆలోచించాడు. "పది. ఏడు ఖాయం."

"ఏడు చాలు."

వెనక్కి వెళ్లి ఇద్దరూ నిలబడ్డారు. ఇకెగామి ఏదో అనబోయి ఊరుకున్నాడు, ఆయన జీవితంలో అదొక్కటే మంచి పని. కురాహాషి చెయ్యెత్తడం చూస్తే ఎడమ పిడికిలి ముడుచుకుని ఉంది. బంతి వెళ్లింది. చావలేదు, కుంగలేదు. మినొబె దాని మీది నుంచి కొట్టాడు, బంతి తాడు లాగినట్టు తిన్నగా కుడివైపు గోడకు తగిలింది. రెండోదీ అదే కన్నంలోంచి వచ్చింది. మూడు, నాలుగు. ప్రతి బంతికీ కురాహాషి నోరు బిగుసుకుని మొహం బూడిదరంగుకు తిరుగుతోంది. అయిదు. ఆరు. ఏడోది కొంచెం పక్కకు పోయింది. మినొబె ఒక కాలు ముందుకేసి దాన్ని కూడా కొట్టాడు. అలాంటి బంతిని వదిలేసేవాడే. కొట్టాడు.

ఎనిమిదోదానికి చెయ్యి భుజం దాటి లేవలేదు. బంతి చేతిలోంచి జారి పలక మీద పడింది.

"హతానో, రా" అన్నాడు కురాహాషి.

నేను వెళ్లి నిలబడ్డాను. మొదటిది వేశాను. మినొబె వదిలేశాడు. రెండోది వదిలేశాడు. నా చెయ్యి మళ్లీ ఎవరిదో అయిపోయింది. కురాహాషి వెళ్లిపోలేదు. వల వెనక, నా భుజం పక్కనే, చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఛాతీ చూడు" అన్నాడు. "ఇంకా వదల్లేదు. ఇంకా లేదు. ఆ. ఇప్పుడు."

వేశాను. బ్యాటు శబ్దం వినిపించాకే కళ్లు తెరిచాననుకుంటాను.

మినొబె ఆ సాయంత్రం ఆటలో ఒక మంచి దెబ్బ కొట్టాడు, ఆదివారం రెండు కొట్టాడు. రెండో జట్టుకు పంపలేదు. ఏడాది చివరికి మేం ఆఖరి నుంచి రెండో స్థానంలో నిలిచాం. మినొబె మళ్లీ దారిలో పడటానికి కారణం ఇకెగామి చేసిన మోచేతి సవరణ అని పత్రికలో రాశారు, ఫొటో కూడా వేశారు.

అక్టోబరులో కురాహాషిని కిటికీ గదిలోకి పిలిచారు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఆటగాళ్లు మానేస్తే పూలగుత్తి ఇస్తారు, మైదానం చుట్టూ నడిపిస్తారు. సాధన పిచర్లకు అలాంటివి లేవు. ఆయన అలమరా ఖాళీ చేస్తుంటే నేను పక్కనే నిలబడ్డాను. రెండు బూట్లు, ఒక తువ్వాలు, చర్మం తొడుగు, టేపు. ఆ టేపు నాకిస్తాడనుకున్నాను. నా వంక చూసి, టేపు వంక చూసి, జేబులో వేసుకున్నాడు.

"మా బావమరిది కొట్లో కొత్త బల్లలు వెయ్యాలి, కొలవాలి" అన్నాడు. "నీది నువ్వు కొనుక్కో."

కొనుక్కున్నాను.

డిసెంబరులో ఒక ఉదయం చూడటానికి వెళ్లాను. టోఫు కొట్టు మా స్టేషన్ నుంచి మూడో స్టాపు. నీళ్ల తొట్టిలో తెల్లటి ముక్కలు తేలుతున్నాయి. ఆయన రబ్బరు బూట్లు వేసుకుని, ఎడమచేతిని మోచేతి దాకా చల్లటి నీళ్లలో ముంచి, ఒక్కో ముక్కనూ పగలకుండా తీస్తున్నాడు. కుడిచెయ్యి నడుం దగ్గర ఊరికే పెట్టుకున్నాడు. ఫుసాఎ నాకు వేడి సోయా పాలు తెచ్చిచ్చింది.

"ఈయన తీస్తే ఒక్క ముక్కా చితకదు నాయనా" అంది ఆవిడ. "మా తమ్ముడు పదేళ్ల నుంచి చితకొడుతున్నాడు."

"చితికితే మళ్లీ రుబ్బాలిగా" అన్నాడు కురాహాషి. తర్వాత నా వైపు తిరిగాడు. "ఎక్కడి నుంచి వేస్తున్నావు?"

"పద్దెనిమిది నలభై నాలుగు."

"ఫిబ్రవరిలో మియజాకి సాధన శిబిరానికి వెళ్తే రోజుకి రెండొందలు వేయిస్తారు. నీ మోచెయ్యి ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

ఆయన చేతిలోని ముక్కను మెల్లగా పళ్లెంలో దించాడు.

"నొప్పి వచ్చిన రోజే మినొబెకి చెప్పు. ఆ రోజే. పలక జరిపాక చెప్పడం కాదు, జరపకముందే."

"చెబుతాను."

"చెప్పవులే" అన్నాడు, మళ్లీ చెయ్యి నీళ్లలో ముంచుతూ.

పాలు తాగి వచ్చేశాను. నా మోచెయ్యి నవంబరు నుంచే లాగుతోంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.